దిమ్మిస మట్టి గోడలతో 12 కుటుంబాలకు ఇళ్లు: తరువాత మార్చుకునే వీలుండేలా ఎలా కట్టాలి?

ప్రశ్న

నమస్కారం. 12 కుటుంబాలు కలిసి ఒకే స్థలంలో ఇళ్లు కట్టుకోవాలని అనుకున్నాయి. వాటికి ప్లాన్లు గీసే బాధ్యత నా మీద ఉంది. పునాదులకూ వాననీటి గుంటకూ తవ్వినప్పుడు వచ్చే మట్టినే అచ్చు పలకల మధ్య పొరలుగా పోసి, దిమ్మిసతో కొట్టి గోడలు లేపాలన్నది అందరి కోరిక. ఇప్పుడు ర్యామ్డ్ ఎర్త్ అని పిలుస్తున్న పద్ధతి ఇదే. అన్నీ ఒక అంతస్తు ఇళ్లే. ఎండ తీవ్రంగా ఉండే చోటు. వానాకాలంలో ఈదురుగాలితో జల్లు నేరుగా గోడల మీదికి కొడుతుంది.

నాకు తెగని చిక్కు ఒకటుంది. ఈ కుటుంబాలు ఇప్పుడున్నట్టే ఎప్పుడూ ఉండవు. పిల్లలు పెద్దవాళ్లవుతారు, వయసు మళ్లిన తల్లిదండ్రులు వచ్చి చేరతారు, ఒకరు ఇంట్లోనే పని మొదలుపెడతారు, మరొకరు ఇంటిని రెండు వాటాలు చేసి ఒకటి అద్దెకిస్తారు. ఇల్లు కూడా వాళ్లతో పాటు మారగలగాలి. అయితే 45 సెంటీమీటర్ల మందమున్న దిమ్మిస గోడ చదరపు మీటరుకు దాదాపు 900 కిలోల బరువు తూగుతుంది. దాన్ని ఒకసారి లేపిన తరువాత జరపడమన్న మాటే ఉండదు. ఇంత కదలని వస్తువుతో మారగల ఇంటిని కట్టడం సాధ్యమేనా? సాధ్యమైతే ఏ నిర్ణయాలు ఇప్పుడే తీసుకోవాలి, ఏవి ఆ కుటుంబాలకు వదిలేయవచ్చు?

మట్టిలో సిమెంటు కలపాలా వద్దా అన్న విషయంలో కూడా మాలో ఏకాభిప్రాయం లేదు. ఈ పని స్వయంగా చేసినవారు తమ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1

ముందుగా ప్లాన్ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ చిక్కు తీరవలసింది అక్కడే. ఇంట్లోని గోడలన్నీ దిమ్మిస మట్టితోనే ఉండాలన్న ఆలోచనను వదిలేయండి. ఏ గోడలు ఆ ఇల్లు ఉన్నంత కాలం కదలకుండా ఉండాలో ముందుగా తేల్చుకుని, వాటిని మాత్రమే దిమ్మిసతో కట్టండి. మిగిలిన అడ్డుగోడలను పచ్చి ఇటుకతోనో, వెదురు తడిక మీద మట్టి పూతతోనో, చెక్క చట్రంతోనో కడితే, వాటిని ఇద్దరు మనుషులు ఒక రోజులో తీసి మరో చోట పెట్టగలుగుతారు.

కదలని గోడలను ఎలా అమర్చాలన్నది తరువాతి ప్రశ్న. ఇంటికి రెండు చివరలా, లోపలి వైపు చూస్తున్న రెండు యు ఆకారపు గోడలను ఊహించుకోండి. తిన్నగా నిలబెట్టిన మట్టి గోడ పక్క తోపుకు తట్టుకోలేదు. మూల తిరిగిన గోడ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఆ రెండు యు ల మధ్య నాలుగైదు మీటర్ల దూరాన్ని దూలాలతో దాటిస్తే, నడుమ ఉన్న జాగా అంతా ఏ గోడ మీదా ఆధారపడకుండా ఖాళీగా దొరుకుతుంది. అక్కడ ఈ రోజు ఒకే పెద్ద గది ఉండవచ్చు, పదేళ్ల తరువాత రెండు గదులూ ఒక నడవా ఉండవచ్చు. మట్టి గోడకు ఆ మార్పులతో సంబంధమే ఉండదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. చైనాలోని ఫుజియాన్ ప్రాంతపు తులౌలను చూడండి. వాటిలో 46 కట్టడాలను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చుట్టూ బలమైన దిమ్మిస మట్టి ప్రాకారం, లోపల చెక్క స్తంభాలతో, చెక్క అంతస్తులతో అమర్చిన గదులు. కొన్నింటిలో 800 మంది దాకా ఒకే ప్రాకారం లోపల నివసించారు. తరాలు మారుతూ ఉంటే కుటుంబాలు పెరిగాయి, తరిగాయి, గదులు చేతులు మారాయి. బయటి గోడ మాత్రం అలాగే ఉంది. బరువైనది స్థిరంగా, తేలికైనది మారేలా ఉంచాలన్న విషయాన్ని వాళ్లు కట్టి చూపించారు. మీ 12 ఇళ్లకు ఆ ఆకారం అక్కర్లేదు గాని, ఆ విభజన మాత్రం అక్షరాలా పనికొస్తుంది.

ఇంకొక జాగ్రత్త. ఇల్లు ఏ దిక్కుకు పెరగవచ్చో ఊహించి, ఆ వైపు గోడలో తలుపు పట్టేంత ఖాళీని ఇప్పుడే వదలండి. పైన లింటెల్, అంటే ఖాళీ మీది బరువును మోసే అడ్డ దూలం వేయండి, ఖాళీని పచ్చి ఇటుకతో మూసేయండి. ఆ పచ్చి ఇటుకను ప్రధాన గోడతో కలిపి కట్టవద్దు, మధ్యన ఒక సన్నని గీతలా జాయింటు ఉండనివ్వండి. గది కావలసిన రోజున ఆ ఇటుకలను తీస్తే దారి ఏర్పడుతుంది. దిమ్మిస గోడను తరువాత కోయడం అసాధ్యం కాదు గాని, పైన లింటెల్ లేకుండా కోస్తే గోడ జారి పడే ప్రమాదం ఉంది. తలుపులైనా కిటికీలైనా మూలకు కనీసం ఒక మీటరు దూరంలో ఉంచండి, రెండు ఖాళీల మధ్య కూడా అంతే గోడ మిగలాలి.

శ్రమ లెక్క కూడా ఒకసారి చూసుకోండి. ఒక ఇంట్లో అన్ని గోడలూ కలిపి 45 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల ఎత్తు, 45 సెంటీమీటర్ల మందం అనుకుంటే, దిమ్మిస కొట్టిన తరువాత 55 ఘనపు మీటర్ల గోడ అవుతుంది. నేను చెప్పిన పద్ధతిలో 20 మీటర్ల గోడ చాలు, అంటే 24 ఘనపు మీటర్లు. 12 ఇళ్లకు కలిపి దాదాపు 290. పోసేటప్పుడు వదులుగా ఉండే మట్టి దిగిపోతుంది కాబట్టి, దీనికి ఒకటిన్నర రెట్లు, అంటే 430 ఘనపు మీటర్ల పైచిలుకు మట్టిని జల్లించి, కలిపి, మోయాలి. మనుషుల భుజాల మీద పడే బరువు ఇది. గోడలు తగ్గించడమంటే రాజీ పడటం కాదు, కట్టేవాళ్ల పట్ల దయ చూపడం.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. సిమెంటు విషయాన్ని నేను చెబుతాను.

మట్టి గోడ కాబట్టి పర్యావరణానికి మేలు అని చాలామంది లెక్క చూడకుండానే అనేస్తారు. చదరపు మీటరు గోడ బరువు 900 కిలోలని మీరే రాశారు. అందులో 8 శాతం సిమెంటు కలిపితే 72 కిలోలవుతుంది. ఘనపు మీటరుకు 300 కిలోల సిమెంటు పడే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల గోడ పోస్తే, అదే చదరపు మీటరుకు పట్టేది 45 కిలోలు. అంటే చూపుకు మట్టి గోడ అయినా అది కాంక్రీటు గోడ కన్నా ఎక్కువ సిమెంటు మింగింది. ప్రపంచమంతటా మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది కాబట్టి, ఈ లెక్కను దాటవేయకూడదు.

సిమెంటు కలిపే ముందు అది దేనికోసమో అడగాలి. బరువు మోయడానికైతే అక్కర్లేదు. సిమెంటు కలపని మంచి దిమ్మిస మట్టి ఒకటి నుంచి రెండు మెగాపాస్కల్ దాకా ఒత్తిడిని తట్టుకుంటుంది. మూడు మీటర్ల ఎత్తున్న గోడ తన సొంత బరువుతో అడుగున కలిగించే ఒత్తిడి 0.06 మెగాపాస్కల్ మాత్రమే. పైకప్పు బరువు కలిపినా ఎంతో వెసులుబాటు మిగులుతుంది. మట్టి గోడను కూల్చేది బరువు కాదు. నీరు, పక్క తోపు. నీటిని రాతి పునాదితో, చూరుతో ఆపవచ్చు. పక్క తోపును మూలలతో, అడ్డంగా వచ్చే గోడలతో, పైన అన్ని గోడలనూ పట్టి ఉంచే రింగ్ బీమ్‌తో ఆపాలి.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న విషయం ఇంకొకటి ఉంది. సిమెంటు కలపని గోడను పగలగొట్టి, నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ మట్టిగా చేసి కొత్త గోడకు వాడవచ్చు. సిమెంటు కలిపితే అది ఇక మట్టి కాదు, శిథిలం. ఇల్లు మారగలగాలి అని కోరుకునేవారు, దాని మట్టి కూడా మారగలగాలి అని కోరుకోవాలి. బెర్లిన్‌లో 2000లో పూర్తయిన సయోధ్య ప్రార్థనామందిరాన్ని ఆస్ట్రియాకు చెందిన మట్టి కట్టడాల నిపుణుడు మార్టిన్ రౌచ్ సిమెంటు లేని దిమ్మిస మట్టితోనే కట్టారు. అదే స్థలంలో 1985లో పేల్చివేసిన పాత చర్చి ఇటుక ముక్కలను ఆ మట్టిలో కలిపారు. ఆ గోడను దగ్గరగా చూస్తే పొరల మధ్య ఎర్రని పెంకులు కనిపిస్తాయి.

ఒక మినహాయింపు చెప్పి తీరాలి. మీ స్థలం భూకంప తీవ్రత ఎక్కువగా ఉన్న మండలంలో ఉంటే నా మాటలనూ పై జవాబునూ పట్టుకుని కట్టకండి. న్యూజిలాండ్ మట్టి కట్టడాల కోసమే 1998లో ప్రత్యేక ప్రమాణాలు తెచ్చి, 2020లో వాటిని సవరించింది. నిలువు ఉక్కు కడ్డీలు, గోడల మధ్య దూరాలు, రింగ్ బీమ్ వంటివన్నీ అందులో ఉన్నాయి. అక్కడి లెక్కలను మీ చోటికి అన్వయించగల స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ఒక్క గోడ కూడా లేపవద్దు.

జవాబు 3

నాకు పై ఇద్దరితో కొంత భేదాభిప్రాయం ఉంది. నేను ఎక్కువగా చేసేది పాత మట్టి ఇళ్ల మరమ్మతు, కాబట్టి కట్టినవారు వెళ్లిపోయిన తరువాత ఏం జరుగుతుందో నాకు కనిపిస్తుంది.

సిమెంటు పూర్తిగా వద్దు అనడం కన్నా, ఎక్కడ తప్పదో అక్కడ మాత్రమే వాడటం మేలు. ఈదురు జల్లు కొట్టే వైపు, నేల నుంచి మొదటి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు గోడ ఎక్కువగా దెబ్బతింటుంది. పైనుంచి పడిన చూరు నీళ్లు నేలను తాకి ఎగిరి తగిలేది కూడా అక్కడే. ఆ ఎత్తు వరకు రాతి కట్టుబడి చేయగలిగితే అన్నిటికన్నా మంచిది. రాయి దొరకకపోతే ఆ కొద్ది ఎత్తుకు 5 శాతం సిమెంటు లేదా సున్నం కలిపి దిమ్మిస కొట్టడంలో తప్పు లేదు. రాతి కట్టుబడికీ మట్టికీ మధ్య చెమ్మ పైకి పాకకుండా ఒక అడ్డు పొర తప్పనిసరి. చూరు కనీసం రెండడుగులు బయటికి రావాలి, జల్లు కొట్టే వైపు వరండా ఉంటే ఇంకా మంచిది. ఆ వరండాయే తరువాత గదిగా మారడానికి అన్నిటికన్నా సులువైన చోటు కూడా.

గోడ బయటి పొర కొద్దికొద్దిగా కరగడాన్ని పూర్తిగా ఆపాలని పట్టుబట్టవద్దు, దాన్ని నెమ్మది చేస్తే చాలు. ఆస్ట్రియాలోని తన సొంత ఇంటి బయటి గోడల్లో రౌచ్ నిర్ణీత ఎత్తులకు ఒక్కొక్క వరుస కాల్చిన మట్టి పలకలను కొద్దిగా బయటికి వచ్చేలా పొదిగారు. గోడ మీద జారే నీటి వేగాన్ని అవి విరుస్తాయి. మొదటి కొన్ని వానలకు పైపైన ఉన్న సన్నని బంకమన్ను కొట్టుకుపోయి, లోపలి కంకర బయటపడి, ఆ తరువాత కోత తగ్గుతుంది. ఇది తెలియని ఇంటివాళ్లు మొదటి వానాకాలంలో గాభరా పడి సిమెంటు గిలాబా పూయిస్తారు. అది మరీ ప్రమాదం. సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది, రెండు మూడేళ్లలో పెచ్చులుగా ఊడుతూ తనతో పాటు గోడను కూడా తీసుకుపోతుంది. పూత కావాలంటే మట్టి లేదా సున్నం పూత మాత్రమే.

ఇప్పుడు నీళ్ల పైపుల సంగతి. నేను బాగుచేసిన ఒక ఇంట్లో స్నానాల గది పైపును దిమ్మిస గోడ లోపల పూడ్చేశారు. కీలు దగ్గర సూది మొనంత కారడం మొదలై, ఎన్ని నెలలు కారిందో ఎవరికీ తెలియలేదు. నన్ను పిలిచేనాటికి గోడ పొట్ట ఉబ్బి ఉంది. చేత్తో నొక్కితే వేలు దిగింది, లోపలి మట్టి పిండి ముద్దలా చల్లగా తగిలింది. పైకప్పుకు దుంగలతో ఆసరా పెట్టి మీటరున్నర వెడల్పు గోడను పూర్తిగా తీసేయాల్సి వచ్చింది. ఆ ఇంట్లో పసిపాప ఉన్న గది ఆ గోడకు అవతలే ఉందని తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జల్లుమంటుంది. దయచేసి ఒక్క నీళ్ల పైపును కూడా మట్టి గోడలో పెట్టకండి. వంటగది, స్నానాల గది, మరుగుదొడ్డి మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉండేలా చేసి, ఆ భాగాన్ని కాల్చిన ఇటుకతో కట్టి, పైపులను బయటికి కనిపించేలా నడిపించండి. కరెంటు వైర్లు గోడ అడుగున చెక్క పట్టీ వెనకా, పైన రింగ్ బీమ్ వెంబడీ వెళ్తే, గదులు మారినప్పుడు వాటిని మార్చడానికి గోడను తాకనవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. యు ఆకారపు గోడలతో ప్లాన్ మళ్లీ గీశాను. నీటి గదులన్నీ ఒక పక్కకు చేర్చాను. పునాది మీద రాతి కట్టుబడికి అందరూ ఒప్పుకున్నారు. మా స్థలం భూకంప తీవ్రత తక్కువగా ఉన్న మండలంలో ఉంది. అయినా ఇంజనీరుకు చూపించాకే ముందుకు వెళ్తాం.

ఇంకా రెండు సందేహాలున్నాయి. మా మట్టి ఈ పనికి సరిపోతుందో లేదో ప్రయోగశాలకు పంపే ముందు మేమే ఎలా తెలుసుకోవాలి? అచ్చు పలకలు 12 ఇళ్లకు ఎన్ని జతలు కావాలి?

జవాబు 1 రాసినవారు

పైన నల్లగా ఉండే మట్టిని, వేర్లూ ఆకులూ కలిసిన పొరనంతా పక్కన పెట్టండి, అది తోటకు పనికొస్తుంది. దాని కింది మట్టిని గాజు సీసాలో మూడో వంతు వరకు పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి ఒక రోజు కదలకుండా ఉంచండి. కంకర, ఇసుక అడుగున చేరతాయి, వాటి మీద ఒండ్రు, అన్నిటికన్నా పైన బంకమన్ను పేరుకుంటాయి. కంకరా ఇసుకా కలిపి సగానికి పైన ఉండి, బంకమన్ను 10 నుంచి 20 శాతం మధ్య ఉంటే మీ మట్టి దాదాపు సిద్ధంగా ఉన్నట్టే. బంకమన్ను మరీ ఎక్కువైతే గోడ ఆరుతూ బీటలిస్తుంది. అప్పుడు ఇసుక, కంకర కలపాలి. మరీ తక్కువైతే గోడకు పట్టు ఉండదు.

సీసా పరీక్ష పాళ్లను చూపిస్తుంది గాని, ఆ బంకమన్ను స్వభావాన్ని చూపించదు. దానికి 60 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న చెక్క పెట్టెలు చేయించండి. లోపల నూనె రాసి, తడి మట్టిని నింపి, పూర్తిగా ఆరనిచ్చి, చివరన ఎంత ఖాళీ ఏర్పడిందో కొలవండి. మూడు నాలుగు మిశ్రమాలను పక్కపక్కన ఆరబెడితే ఏది తక్కువ కుంచించుకుపోతుందో కంటికే కనిపిస్తుంది.

మట్టిలో తడి ఎంత ఉందన్నది అన్నిటికన్నా ముఖ్యం. గుప్పెడు మట్టిని గట్టిగా పిడికిలి పట్టి ఉండ చేసి, మీటరున్నర ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చాలలేదు. చపాతీలా అణిగి ముద్దగానే ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి. నాలుగైదు ముక్కలుగా విరిగితే దిమ్మిస కొట్టడానికి సరైన తడి. ఇది రోజుకు ఒకసారి చేసి వదిలేసే పరీక్ష కాదు. ఎండ ఎక్కేకొద్దీ కుప్ప ఆరిపోతుంది కాబట్టి మట్టి కలిపిన ప్రతిసారీ చేయాలి.

ఒక్కో పొర 15 సెంటీమీటర్లకు మించి పోయవద్దు. కొట్టాక అది 10 దగ్గరికి దిగుతుంది. అంచుల వెంబడి ముందు కొట్టి, తరువాత నడుమకు రండి. మొదట్లో దిమ్మిస దెబ్బ బొద్దుగా, గాదెలో ధాన్యం మీద పడ్డట్టు వినిపిస్తుంది. కొట్టగా కొట్టగా ఆ చప్పుడు మారి గట్టి నేల మీద పడినట్టు ఖంగుమంటుంది, దిమ్మిస చేతిలో ఎగిరి వస్తుంది. అప్పుడే ఆపాలి. నాకు పని నేర్పినవారు కళ్లు మూసుకుని విని, ఏ మూలన ఇంకా పచ్చిగా ఉందో చెప్పేవారు.

అచ్చు పలకల విషయంలో మూడు జతలు చాలు, కాని 12 ఇళ్లలోనూ గోడ మందం, ఒక్కో పలక పొడవు, ఎత్తు ఒకే కొలతలో ఉండాలి. గోడను రెండు రెండున్నర మీటర్ల భాగాలుగా విడగొట్టి, వాటి మధ్య నిలువు జాయింటులో ఒక పక్క గాడి, మరో పక్క దానిలో ఇమిడే పొడుచుకు వచ్చిన అంచు ఉండేలా చేస్తే, ఆరేటప్పుడు వచ్చే బీట ఆ జాయింటులోనే వస్తుంది, గోడ నడుమ రాదు. అదే కొలతలను రాసి భద్రపరచండి. పదేళ్ల తరువాత ఎవరో గది పెంచుకోవాలంటే, అవే పలకలతో అదే మందంలో కట్టగలుగుతారు. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి దగ్గరలో 1980ల మధ్యలో 65 ఇళ్లను మట్టితో కట్టి అద్దె నివాసాలుగా ఇచ్చారు. వాటిలో దిమ్మిస గోడల ఇళ్లు కూడా ఉన్నాయి. ఒకే చోట అన్ని ఇళ్లు కడుతున్నప్పుడు మొదటి ఇంటి మీద నేర్చుకున్నది రెండో ఇంటికి అందుతుంది, కాబట్టి అందరి ఇళ్లనూ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

ఇంకొక మాట. వీలైతే పైకప్పును తాత్కాలిక స్తంభాల మీద ముందే నిలబెట్టి, దాని నీడలో గోడలు లేపండి. గోడ మీద వాన పడదు, కొట్టేవాళ్ల మీద ఎండ పడదు.

జవాబు 2 రాసినవారు

ఒక చిన్న చేర్పు. మందపాటి మట్టి గోడ పగటి వేడిని పీల్చుకుని 8 నుంచి 12 గంటలు ఆలస్యంగా లోపలికి విడుస్తుంది. రాత్రి చల్లబడే చోట ఇది వరం. రాత్రి కూడా వేడి తగ్గని చోట, గాలి ఆడకపోతే అదే గోడ పడకగదిని అర్ధరాత్రి దాకా వెచ్చగా ఉంచుతుంది. కాబట్టి పడమటి గోడ మీద ఎండ పడకుండా నీడ ఇవ్వండి, ఎదురెదురుగా కిటికీలు పెట్టండి. చలి దేశాల్లో కట్టేవారు ఈ గోడ వెచ్చదనాన్ని ఆపుతుందని పొరబడకూడదు. వేడిని నిల్వ చేయగలదు గాని ఆపలేదు, దానికి వేరే ఇన్సులేషన్ పొర కావాలి.

ప్రశ్న అడిగినవారు

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. నాలుగు చోట్ల గుంటలు తవ్వి మట్టి తీశాం. మూడు గుంటల మట్టిలో బంకమన్ను 15 శాతం చుట్టుపక్కల వచ్చింది. వాననీటి గుంట దగ్గరి మట్టిలో దాదాపు 30 వచ్చింది. పెట్టెలో ఆరబెడితే ఆ మట్టి చివరన నా బొటనవేలు దూరేంత ఖాళీ ఏర్పడింది. రెండు పాళ్ల ఆ మట్టికి ఒక పాలు ఇసుక కంకర కలిపి చూస్తే ఖాళీ గోరు మందానికి తగ్గింది.

సిమెంటు వద్దన్నవారూ కావాలన్నవారూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. రాతి కట్టుబడి మీద, రెండు మీటర్ల చొప్పున ఎల్ ఆకారంలో ఒక పరీక్ష గోడ లేపాం. ఒక భుజంలో ఏమీ కలపలేదు, రెండో భుజంలో 5 శాతం సిమెంటు కలిపాం. ఒక్కో భుజం సగం మీద రెండడుగుల చూరు కప్పాం, మిగతా సగానికి తల మీద తడి దిగకుండా మూత మాత్రమే పెట్టి పక్కలను వానకు వదిలేశాం. కలపని భుజంలో ఒక ఖాళీ వదిలి, లింటెల్ వేసి, పచ్చి ఇటుకతో మూసి ఉంచాం. వానాకాలం అయ్యాక దాన్ని తెరిచి చూస్తాం. ప్రతి వాన తరువాత ఏ ఎత్తులో ఎంత లోతు కరిగిందో కొలిచి రాసే పనిని 12 కుటుంబాల పిల్లలు తీసుకున్నారు. మొదటి వాన నిన్న రాత్రి పడింది. తెల్లవారకముందే వాళ్లు స్కేలు పట్టుకుని అక్కడ ఉన్నారు.